ఊరి నడుమ పనిచేసేవాళ్లకు ఊరి నడుమే ఇల్లు

విజయవాడ వన్‌టౌన్, గవర్నర్‌పేట, గాంధీనగర్ వాసుల ఉద్యమ ప్రణాళిక

విజయవాడ నడిబొడ్డు మారాలి. వన్‌టౌన్‌లో, గవర్నర్‌పేటలో, గాంధీనగర్‌లో పాడుబడిన కట్టడాలు పోయి కొత్తవి రావాలి. ఈ మాట ముందు మేమే అంటున్నాం. అభివృద్ధికి అడ్డుపడే మూక ఒకటి తయారైందని రేపు మా మీద ముద్ర వేయడం చాలా తేలిక కదా. గోడలు బీటలిచ్చిన మేడ కింద పడుకునేది మేము. వానాకాలం మురుగు గడప దాటి వచ్చేది మా ఇళ్లలోకి. ఫైరింజన్ తిరగని సందులో గ్యాస్ బండ పెట్టుకుని వండుకునేదీ మేమే. పాత ఊరి అందాన్ని ఫొటోలు తీసుకునేవాళ్లు మెచ్చుకోవచ్చు. అందులో కాపురం చేసేవాళ్లకు ముందు మరుగుదొడ్డి కావాలి.

మా పేచీ వేరు. కొత్తగా కట్టబోయే ఆ నడిబొడ్డులో రాత్రిపూట ఎవరు నిద్రపోతారు? పాతికేళ్లుగా ఈ ఊరు ఇస్తున్న జవాబు ఇది: కొనగలిగినవాళ్లు ఎవరైనా సరే, ఇక్కడ పనిచేసేవాళ్లు మాత్రం ఊరి చివరకు పోవాలి. పగలు చేతులు కావాలి, చీకటి పడ్డాక మనుషులు అక్కర్లేదు. ఈ లెక్క తప్పని చెప్పడానికీ, దాన్ని మార్పించడానికీ మేము కలిశాం.

మేమెవరమో చెప్పాలి. కాళేశ్వరరావు మార్కెట్లో తెల్లవారకముందే బస్తాలు దించే ముఠా కార్మికులం. మార్కెట్ అరుగుల మీదా బయట తోపుడుబళ్ల మీదా అమ్ముకునేవాళ్లం, వస్త్రలత గుమాస్తాలం, బీసెంట్ రోడ్డు చిరువ్యాపారులం, ప్రెస్సుల్లో బైండింగ్ చేసేవాళ్లం, హోటళ్లలో పిండి రుబ్బేవాళ్లం, నాలుగిళ్లలో అంట్లు తోమి సంసారం లాక్కొచ్చే ఆడవాళ్లం. పెన్షన్ మీద బతుకుతూ ముప్పై ఏళ్లుగా ఒకే వాటాలో అద్దెకున్న పెద్దవాళ్లూ మాలో ఉన్నారు. చిన్న యజమానులూ ఉన్నారు. వాళ్ల తాత కట్టిన పెంకుటిల్లు నూరు గజాల్లో ఉంటుంది, హక్కుదారులు నలుగురు అన్నదమ్ములు, బాగుచేయించే డబ్బు ఏ ఒక్కరి దగ్గరా ఉండదు. యజమానులను దూరంగా ఉంచాలని మాలో కొందరు గట్టిగానే వాదించారు. మిగతావాళ్లం ఒప్పుకోలేదు. వాళ్లు లేకుండా ఇక్కడ ఒక్క ఇటుక కదలదు. బిల్డరుతో ఒంటరిగా బేరానికి కూర్చుంటే వాళ్లూ మునుగుతారు.

ఇరుకు ఎక్కడినుంచి వచ్చింది

పడమట ఇంద్రకీలాద్రి, దక్షిణాన కృష్ణ, ఊరిని కోసుకుంటూ పోయే ఏలూరు, బందరు, రైవస్ కాలవలు. 1855లో ఆనకట్ట పూర్తయ్యాక పంటా సరుకూ ఇక్కడికి చేరడం మొదలైంది. తర్వాత రైలొచ్చి జంక్షన్ అయింది. 1888లో మునిసిపాలిటీ, 1981లో కార్పొరేషన్. 61.88 చదరపు కిలోమీటర్ల కార్పొరేషన్ పరిధిలో 2011 నాటికే జనం 10 లక్షలు దాటారు. పని నేల మీద దొరికింది గానీ పడుకోవడానికి నేల దొరకలేదు. అందుకని కొండెక్కారు, కాలవ గట్టు మీద గుడిసె వేసుకున్నారు, రైల్వే స్థలంలో పట్టా లేకుండా తరాలు గడిపారు. కొండ మీది ఇంటికి బిందె మోసుకెళ్లే ఆడవాళ్లను ఈ ఊళ్లో చూడనివాళ్లు ఉండరు. వాళ్లెందుకు కొండెక్కారో అడిగినవాళ్లు తక్కువ. మెట్లు దిగితే మార్కెట్, అంతే కారణం.

సర్కారు వీళ్లను చూడలేదని మేము అనం. చూసింది, ఇళ్లు కూడా కట్టింది. కట్టిన చోటే మా అభ్యంతరం. 2001లో వచ్చిన వాంబే పథకం, 2005లో మొదలైన జేఎన్ఎన్‌యూఆర్ఎం, ఆ తర్వాత రాష్ట్ర సంస్థ టిడ్కో ఇళ్లు, ఇలా పథకం పేరు మారినప్పుడల్లా ఊరికి ఉత్తరంగా, బుడమేరు వాగు వైపు మరో కాలనీ లేచింది. సింగ్‌నగర్ అవతల వాంబే కాలనీ, ఇంకా దూరాన జక్కంపూడి. కాలవ గట్ల మీదివాళ్లనూ కొండల మీదివాళ్లనూ అటు పంపారు. తర్వాత వచ్చిన ప్రభుత్వం పట్టణ పేదలకు సెంటు స్థలం చాలంది. సెంటంటే 48.4 గజాలు. 2023 మే నెలలో విజయవాడ, గుంటూరు పేదలకు అమరావతిలోని ఆర్-5 జోన్‌లో 50 వేలకు పైగా పట్టాలు పంచారు. ఆగస్టులో హైకోర్టు అక్కడ ఇళ్ల నిర్మాణం మీద స్టే ఇచ్చింది. పట్టా కాయితాన్ని ప్లాస్టిక్ కవర్లో దాచుకున్న కుటుంబాలు మాలో ఉన్నాయి. రాజధాని ఎక్కడుండాలన్న పోట్లాటలో తమ ఇంటినెందుకు పావుగా వాడారని వాళ్లు అడుగుతున్నారు. రాష్ట్రంలోని రెండు పెద్ద పార్టీల్లో ఏదీ వాళ్లకు జవాబు చెప్పలేదు.

అటువైపు భూమి చవక కాబట్టి అక్కడ కట్టామని ఇంజినీర్లు చెబుతారు. నిజమే, చవకే. ఎందుకు చవకో బుడమేరు చుట్టుపక్కల పాతవాళ్లను అడిగితే చెప్పేవాళ్లు. మైలవరం వైపు కొండల్లో వాన పడితే గంటల్లో పొంగి, కొల్లేటికి పరుగెత్తే వాగు అది. బెజవాడ దుఃఖదాయని అని దానికి పేరుండనే ఉంది. పల్లం భూమి ఎప్పుడూ చవకే.

2024 సెప్టెంబరు

సెప్టెంబరు 1న బుడమేరు ఊళ్లోకొచ్చింది. దాని మళ్లింపు కాలవకు గండ్లు పడ్డాయి. సింగ్‌నగర్, వాంబే కాలనీ, కొత్త రాజరాజేశ్వరిపేట, పాయకాపురం, కండ్రిక నీళ్లలో మునిగాయి. కొన్నిచోట్ల వారం దాటినా నీళ్లు తీయలేదు. కింది అంతస్తులవాళ్లు పై అంతస్తుల వరండాల్లో తలదాచుకున్నారు. పాల పాకెట్లు పడవల్లో వచ్చాయి. తర్వాత కింది ఇంటికి 25 వేలు, పై ఇంటికి 10 వేలు పరిహారం ఇచ్చారు. ఫ్రిజ్, మంచం, బియ్యం, పిల్లల సర్టిఫికెట్లు, కుట్టుమిషన్, బతుకుతెరువైన ఆటో నీళ్లలో పోయిన ఇంటికి పాతికవేలు ఎన్ని రోజులొస్తాయో లెక్క చెప్పనక్కర్లేదు.

దానికి ఒక రోజు ముందు, ఆగస్టు 31న, మొగల్రాజపురంలో కొండచరియ విరిగి ఇళ్ల మీద పడి మనుషులు చనిపోయారు. కొండ మీద ఉంటే రాయి, పల్లానికి పోతే నీళ్లు. ఊళ్లో పేదవాడికి మిగిలినవి ఆ రెండే.

అదే సమయంలో ఊరి దక్షిణాన జరిగింది కూడా చూడండి. ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల నీళ్లు వదిలారు. 1957లో బ్యారేజీ కట్టిన దగ్గర్నుంచి అంత వరద రాలేదు. ఏటిగట్టున ఉన్న కృష్ణలంక అంతకుముందు పెద్ద వరద వస్తే చాలు, ఇళ్లు ఖాళీ చేయాల్సిన చోటు. ఈసారి రక్షణ గోడ అడ్డం నిలబడింది. ఒకటీ అరా చోట్ల నీళ్లు ఊరినా, ఏటిగట్టు పేటలు చాలావరకు పొడిగా ఉన్నాయి. ఆ గోడను ఏ పార్టీ కట్టిందన్న తగువు అప్పటికే మొదలైంది, మాకు దాంతో పనిలేదు. మాకు కనిపించింది ఒకటే: ఉన్నచోటే ఉంచి కాపాడినవాళ్లు ఆ వరదలో బతికిపోయారు, మంచి ఇల్లిస్తామని దూరం పంపినవాళ్లు మునిగారు. మేము ఇకపై అడిగేవన్నీ ఇక్కడినుంచే పుట్టాయి.

దూరం ఖరీదు

ఇంటి ధర చెప్పేటప్పుడు దూరం ధర ఎవరూ కలపరు. మార్కెట్‌కు లారీలు వచ్చేది తెల్లవారుజామున. ఆ వేళకు సిటీ బస్సు ఉండదు. జక్కంపూడి నుంచి మార్కెట్‌కు రావాలంటే ముఠా మనిషి ఆటోకు పెట్టేది మొదటి పది బస్తాల కూలి. ఇళ్లలో పనిచేసే ఆడమనిషి పొద్దున నాలుగిళ్లు, సాయంత్రం నాలుగిళ్లు చేస్తుంది, మధ్యలో ఇంటికెళ్లి పిల్లలకు అన్నం పెడుతుంది. ఇల్లు పది కిలోమీటర్లు జరిగితే ఆ మధ్యాహ్నం పోతుంది, దాంతో సాయంత్రం పనీ పోతుంది. అందుకే సింగ్‌నగర్ అవతల ఇల్లొచ్చినా తాళం వేసో, ఎవరికైనా అద్దెకిచ్చో, మళ్లీ వన్‌టౌన్‌లో పది అడుగుల గది తీసుకున్నవాళ్లు మాలోనే ఉన్నారు. లబ్ధిదారులు ఇళ్లు అద్దెకిచ్చుకుంటున్నారని అధికారులు తనిఖీలకు వెళ్తారు. ఎందుకిచ్చుకున్నారని ఒక్కసారి అడిగి ఉంటే తర్వాతి కాలనీ ఇంకో చోట కట్టేవాళ్లు.

వన్‌టౌన్ నుంచి హోల్‌సేల్ కొట్లు చాలావరకు గొల్లపూడి కాంప్లెక్స్‌కు తరలినప్పుడు లారీల రద్దీ కొంత తగ్గింది. ఆ నిర్ణయాన్ని మేము తప్పుపట్టం. అయితే కొట్టుతో పాటు కూలీ కూడా కదలాల్సొచ్చింది, కూలీ కోసం మాత్రం ఆ పథకంలో ఒక్క గది కూడా లేదు. ఈసారీ అదే జరుగుతుందని మా భయం. బస్టాండు నుంచి మెట్రో వస్తుందని ఏళ్లుగా వింటున్నాం. వస్తే మంచిదే. స్టేషన్ పేరు పైకొచ్చిన మర్నాడే చుట్టుపక్కల అద్దెలు పెరుగుతాయని మాత్రం ఎవరూ మాకు చెప్పక్కర్లేదు.

చట్టానికి చిల్లు ఎక్కడుంది

ఇక్కడ పాత ఇల్లు కొత్త అపార్ట్‌మెంట్ అయ్యే పద్ధతి మా సభ్యులందరికీ తెలిసినదే. అయినా రాసిపెడుతున్నాం. యజమాని స్థలాన్ని డెవలప్‌మెంట్‌కు ఇస్తాడు. వాళ్లిద్దరి మధ్య సగం సగమో, అరవై నలభైయో ఒప్పందం. కింద కొట్లు, పైన ఫ్లాట్లు. ఆ ఇంట్లో ఆరు వాటాల్లో ఆరు కుటుంబాలు అద్దెకుంటే, వాళ్లకు నోటిమాటగా నెల రోజులు గడువు. అద్దె కాగితం ఉండదు, అడ్వాన్సుకు రసీదు ఉండదు, కరెంటు మీటరు యజమాని పేరున ఉంటుంది. ఆరు కుటుంబాలు అక్కడ బతికాయనడానికి ఒక్క రుజువూ మిగలదు. కొత్త భవనంలో నాలుగే ఫ్లాట్లు, అందులో ఒకటి యజమాని కొడుక్కి. మేడ పెరిగింది, ఉండే కుటుంబాలు తగ్గాయి. దీన్ని గృహనిర్మాణం అంటున్నారు.

చట్టాలు లేవా? ఉన్నాయి, మా గుమ్మం దాకా వచ్చి ఆగిపోతాయి. 2013 భూసేకరణ చట్టం పట్టణంలో మూడేళ్లుగా ఉంటున్న కుటుంబాన్ని కూడా బాధిత కుటుంబంగా లెక్కిస్తుంది, సొంత ఇల్లు కానక్కర్లేదు. కానీ అది సర్కారు భూమి సేకరించినప్పుడే పనికొస్తుంది, యజమానీ బిల్డరూ మాట్లాడుకుని కూలిస్తే కాదు. 2016 రెరా చట్టం కొనేవాళ్లకు రక్షణ ఇస్తుంది గానీ 500 చదరపు మీటర్లు మించని స్థలానికీ, ఎనిమిది ఫ్లాట్లు మించని కట్టడానికీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదంటుంది. వన్‌టౌన్ సందుల్లో 500 చదరపు మీటర్ల స్థలం ఎన్నిచోట్ల ఉంది? రోడ్డు విస్తరణలో స్థలం పోయిన యజమానికి బదులుగా అదనంగా కట్టుకునే హక్కిచ్చే టీడీఆర్ బాండు వస్తుంది. ఆ కొట్టులో ఇరవై ఏళ్లు కుట్టుమిషన్ పెట్టుకున్న దర్జీకి సామాను తీసుకెళ్లడానికి ఒక రోజు టైమొస్తుంది. పెద్ద ప్రాజెక్టులకు రాసిన చట్టాలు చిన్న సందుకు సరిపోవడం లేదు, ఈ ఊరి నడిబొడ్డంతా చిన్న సందులే.

మేము అడిగేవి

మొదటిది, మిగతావాటికి పునాది లాంటిది. నడిబొడ్డు వార్డుల్లో ఏ పాత కట్టడం కూల్చాలన్నా, కొత్త ప్లాన్‌కు అనుమతి కోరాలన్నా, దరఖాస్తుతోపాటే అక్కడ ఉంటున్న అద్దెదారుల జాబితా ఇవ్వాలి. కుటుంబం పేరు, ఎన్నేళ్లుగా ఉన్నారు, ఎంత అద్దె, కింద కొట్టు ఉంటే దాని వివరం. ఆ జాబితాను వార్డు సచివాలయంలో అంటించి నెల రోజులు అభ్యంతరాలు తీసుకోవాలి. ఇందుకు కోట్లు అక్కర్లేదు. వార్డు సచివాలయాల్లో సిబ్బంది ఉన్నారు, ఇంటింటి సర్వేలు వాళ్లకు అలవాటే.

ఆ జాబితాలో మూడేళ్లు దాటిన కుటుంబానికి కొత్త భవనంలో తిరిగొచ్చే హక్కు ఉండాలి. ఇక్కడ నిజాయతీగా మాట్లాడుకోవాలి. ఈ భారమంతా యజమాని నెత్తిన వేస్తే ఒక్కరూ ముందుకు రారు, మేడలు అలాగే బీటలిస్తూ ఉంటాయి, చివరికి మా మీదే కూలతాయి. కాబట్టి పాత అద్దెదారులకు గదులు కేటాయించిన యజమానికి కార్పొరేషన్ ఫీజులు మాఫీ చేయాలి, ఒక అంతస్తు అదనంగా ఇవ్వాలి. ఫైరింజన్ దారి, భవనం చుట్టూ వదలాల్సిన జాగా విషయంలో మాత్రం రాయితీ ఇవ్వకూడదు. మా ఇళ్ల కోసమని చెప్పి మా పిల్లలు కాలిపోయే కట్టడాలకు అనుమతిస్తే మేమే ఎదురు తిరుగుతాం.

రెండో పెద్ద కోరిక ప్రభుత్వ స్థలాల గురించి. నడిబొడ్డులో భూమి లేదంటారు. ఉంది, కొలిచే తీరులోనే తేడా. గవర్నర్‌పేట పాత బస్టాండు స్థలం తీసుకోండి. నాలుగెకరాలకు పైబడిన ఆ ఆర్టీసీ స్థలాన్ని మాల్ కోసం ఇవ్వాలన్న నిర్ణయం 2025లో బయటికొస్తే కార్మిక సంఘాలు వ్యతిరేకించాయి. మేము వాళ్లతో ఉన్నాం. ఆ స్థలం ప్రయాణికులది, కార్మికులది, కింద బస్సులు అలాగే నిలవనివ్వండి. పైన ఏం కట్టొచ్చో మేము లెక్కేశాం. ఎకరం 43,560 చదరపు అడుగులు. నాలుగెకరాల్లో మూడో వంతులో, అంటే సుమారు 58 వేల చదరపు అడుగుల మేర, కింది అంతస్తు పైన ఏడంతస్తులు కడితే 4 లక్షల చదరపు అడుగులు దాటుతుంది. మెట్లకూ లిఫ్టులకూ వరండాలకూ నాలుగో వంతు పోయినా 3 లక్షలు మిగులుతుంది. టిడ్కో వాళ్ల పెద్ద ఇల్లు 430 చదరపు అడుగులు. ఆ లెక్కన 700 కుటుంబాలు. మార్కెట్‌కు నడిచి వెళ్లే దూరంలో, బుడమేరుకు దూరంగా, ఒకే ఒక్క స్థలంలో. మూడింట రెండొంతుల స్థలం బస్సులకూ గాలికీ ఇంకా మిగిలే ఉంది. ఇంజినీర్లు మా లెక్కలో తప్పులు పట్టుకుంటారు, పట్టుకోమనే చెబుతున్నాం. వందో నూటయాభయ్యో తగ్గినా మాకు ఫరవాలేదు. అసలా లెక్క వేయకుండానే స్థలం చేతులు మారకూడదు. కార్పొరేషన్, ఆర్టీసీ, ఇరిగేషన్, రైల్వే, దేవాదాయ శాఖ చేతుల్లో నడిబొడ్డున ఉన్న ప్రతి జాగా జాబితానూ బయటపెట్టాలి. ఇళ్లకు పనికొస్తుందా లేదా అని రాతపూర్వకంగా తేల్చాకే అమ్మకమైనా, లీజైనా.

ఉన్నచోటే కట్టడం కుదరని పని కాదు. సికింద్రాబాద్ భోయిగూడ ఐడీహెచ్ కాలనీలో పాడుబడిన ఇళ్లు తీసేసి, అదే చోట 396 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు కట్టి 2015లో అక్కడివాళ్లకే ఇచ్చారు. ముంబయి వర్లీలో 1920ల నాటి బీడీడీ చాళ్లలో 160 చదరపు అడుగుల గదుల్లో తరాలు గడిపిన అద్దెదారుల్లో తొలి 556 కుటుంబాలు 2025 ఆగస్టులో అదే ఆవరణలో 500 చదరపు అడుగుల ఫ్లాట్ల తాళాలు అందుకున్నాయి. ముంబయి పద్ధతిలో పక్కనే టవర్లు అమ్మి ఖర్చు రాబడతారు. మాకది పూర్తిగా నచ్చింది కాదు, మా భూమికి ఆ ధరలూ రావు. అద్దెకున్నవాడికి కూడా ఆ స్థలం మీద హక్కుంటుందని వాళ్లు ఒప్పుకున్నారు చూడండి, మాకు కావలసింది ఆ ఒప్పుకోలు.

ఇళ్లన్నీ సొంతానికే ఇవ్వాలని మేము అడగడం లేదు. ఈ మాటకు మా సమావేశాల్లోనే ఈలలు పడ్డాయి, తెలుసు. అద్దె ఇల్లు అనగానే పట్టా ఎగ్గొట్టే ఎత్తని అనుమానం వస్తుంది. కానీ నిన్న శ్రీకాకుళం నుంచి వచ్చి హోటల్లో చేరిన కుర్రాడికి పట్టా వద్దు, కప్పు కావాలి. భర్త చనిపోయి ఇద్దరు పిల్లలతో ఉన్న ఆమెకు వాయిదాలు కట్టే స్తోమతు లేదు, నెలకింత అద్దె కట్టగలదు. షాపుల్లో పనిచేసే అమ్మాయిలకు హాస్టల్ కావాలి. కాబట్టి కట్టే ప్రతి మూడు ఇళ్లలో ఒకటి కార్పొరేషన్ చేతిలోనే అద్దె ఇల్లుగా ఉండాలి. అద్దె ఎంతో, ఏటా ఎంత పెరుగుతుందో ముందే కాగితం మీద ఉండాలి. కేంద్రం 2020లో చవక అద్దె ఇళ్ల పథకం ఒకటి తెచ్చింది. అలాంటిది మన నడిబొడ్డుకు తేవాలి.

లిఫ్టు గురించి. జీ ప్లస్ త్రీ కట్టి లిఫ్టు పెట్టకపోతే మూడో అంతస్తు ముసలమ్మ ఆస్పత్రికి వెళ్లాలన్నా కుర్చీలో మోయాలి. పెట్టి వదిలేస్తే ఆర్నెల్లకు ఆగిపోతుంది. వాంబే, జేఎన్ఎన్‌యూఆర్ఎం బ్లాకుల్లో మోటార్లు కాలితే బాగుచేయించే దిక్కు లేదు. కట్టేటప్పుడు ఫొటో దిగిన నాయకులు మోటారు కాలినప్పుడు ఉండరు. అందుకే కింది అంతస్తులో కొట్లు ఉంచాలి. వాటి అద్దె కార్పొరేషన్ ఖజానాలో కలవకుండా ఆ భవనం పేరున బ్యాంకు ఖాతాలోనే పడాలి. దాంతో లిఫ్టు, మోటారు, వాచ్‌మన్ జీతం నడవాలి. కొట్లలో మొదటి హక్కు అక్కడే వ్యాపారం చేసి స్థలం పోగొట్టుకున్నవాళ్లది.

చిరువ్యాపారుల విషయంలో కొత్త చట్టమేదీ అక్కర్లేదు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది చిరువ్యాపారులు ఎన్నికై ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. సర్వే కాకముందు ఎవరినీ లేపకూడదు. బీసెంట్ రోడ్డులో, కాళేశ్వరరావు మార్కెట్ చుట్టూ ఈ రెండూ అక్షరాలా అమలు కావాలి. అలాగే జనాభా 3 లక్షలు దాటిన నగరంలో వార్డు కమిటీలు ఉండి తీరాలని రాజ్యాంగమే 74వ సవరణలో రాసుకుంది. మా వీధి ప్లాన్ మీద మా వార్డు కమిటీ సంతకం ఉండాలి.

కొండల మీద జారిపోయే చోట్ల ఇళ్లు ఉంచాలని మేము మొండికేయం. అక్కడివాళ్లను దింపాల్సిందే, కానీ తాళం చేతిలో పెట్టాకే, అదీ ఇప్పటి ఇంటి నుంచి నడిచిపోయే దూరంలోనే.

ఇక సింగ్‌నగర్, జక్కంపూడి. నడిబొడ్డున ఇళ్లు అడుగుతూ, ఇప్పటికే అక్కడున్నవాళ్ల నోటిదగ్గర కూడు లాగేసే పని మేము చేయం. టిడ్కోలో సగంలో ఆగిన బ్లాకులు పూర్తి చేయాలి. బుడమేరు కట్టలు, మళ్లింపు కాలవ పనులకు ఈ ఊరి ఖర్చులో మొదటి స్థానం దక్కాలి. ఆ పనులు అయ్యేదాకా బుడమేరు పల్లంలో కొత్తగా ఒక్క పేదల కాలనీ కూడా కట్టకూడదు.

మాకు చెప్పబోయే మాటలు

నడిబొడ్డు గజం బంగారంతో సమానం, దాన్ని కూలీలకు ఇస్తారా అంటారు. ఆ గజాన్ని బంగారం చేసిందెవరు? మార్కెట్ నడిపినవాళ్లే. అదలా ఉంచండి, డబ్బు లెక్కే చేద్దాం. ఊరి చివర కాలనీ అంటే కొత్త రోడ్డు, కొత్త పైపులైను, కొత్త మురుగు పంపు, కొత్త బడి, కొత్త ఆస్పత్రి, వరదొస్తే పడవలు, పరిహారం. వీటిలో ఏ ఒక్కటీ ఇంటి ఖరీదులో కలపరు. అన్నీ కలిపి ఒక్కసారి పక్కపక్కన పెట్టి చూపించమని కార్పొరేషన్‌ను అడుగుతున్నాం.

ట్రాఫిక్ పెరుగుతుందంటారు. నడిచి పనికెళ్లేవాడు రోడ్డు మీద పార్కింగ్ అడగడు. గణపతిరావు రోడ్డులో రద్దీకి కారణం అక్కడ నిద్రలేచినవాళ్లు కాదు, పొద్దున్నే అక్కడికి బండేసుకుని రావలసినవాళ్లు. దసరా తొమ్మిది రోజులు లక్షలమంది భక్తులు ఈ వీధుల్లో నడుస్తారు. అమ్మవారి భక్తుల పేరు చెప్పి ఇళ్లన్నీ లాడ్జీలు చేస్తే, ఆ జనానికి మంచినీళ్లిచ్చే గడపలు కూడా ఉండవు.

మా కట్టుబాట్లు

ఈ ఉద్యమం ఏ పార్టీకీ అనుబంధం కాదు. కమిటీలో ఉన్నవాళ్లు కార్పొరేటర్‌గా పోటీ చేయదలిస్తే కమిటీ నుంచి తప్పుకోవాలి. బిల్డర్ల దగ్గరా రియల్ ఎస్టేట్ వ్యాపారుల దగ్గరా చందా తీసుకోం. కమిటీ సభ్యుల పేర్లు ఏ ఇంటి జాబితాలోనూ చివరే ఉంటాయి. ఈ ఒక్క నియమం వల్ల కమిటీకి మనుషులు దొరకరేమోనని భయపడ్డాం, దొరికారు. కమిటీలో సగం ఆడవాళ్లు. సమావేశాలు మార్కెట్ పని అయిపోయాక, ఆడవాళ్లు రాగలిగే వేళకే పెడతాం. నోటీసులు తెలుగులోనూ ఉర్దూలోనూ ఉంటాయి. వించిపేట, ఇస్లాంపేట వాళ్లను తర్వాత ఎవరో చెబుతారులే అని వదిలేసే అలవాటు ఈ ఊళ్లో ఉంది, మేము దాన్ని పాటించం. యజమానీ అద్దెదారూ తగువు పడితే కోర్టుకు ముందు మా దగ్గర కూర్చోబెడతాం, ఇద్దరూ సభ్యులైతే ఇంకా మంచిది.

మొదటి పని అద్దెదారుల లెక్క. సర్కారు చేసేదాకా ఆగం. సందు సందుకూ తిరిగి ప్రతి వాటానూ రాస్తాం. అద్దె కాగితం లేనివాళ్లకు గ్యాస్ బుక్కు, పిల్లల స్కూలు రసీదు, రేషన్ కార్డు, ఓటరు కార్డు, ఏది దొరికితే దాని జిరాక్స్ జతచేస్తాం. ఒక ప్రతి ఆ కుటుంబం దగ్గర, ఒకటి మా దగ్గర, మూడోది కమిషనర్ కార్యాలయంలో రసీదు తీసుకుని ఇస్తాం. ఆ తర్వాత నడిబొడ్డు వార్డుల్లో ప్లాన్ అనుమతి కోసం వచ్చిన ప్రతి దరఖాస్తు వివరాలనూ సమాచార హక్కు చట్టం కింద తెప్పించి, ఆ సందు మొదట్లో బోర్డు మీద రాస్తాం. కూల్చడానికి మిషన్ వచ్చిన రోజు మేము అడిగేది ఒక్క కాగితం, ఆ ఇంటి అద్దెదారుల జాబితా. అది చూపిస్తే పక్కకు తప్పుకుంటాం, చూపించకపోతే ఆ సందులోంచి కదలం.